గళ్ళలుంగీ మత్స్యకన్య

మా కస్తూరమ్మత్త మూడు వేసవులు చేపగా బతికింది. మిగిలిన అరవైమూడేళ్ళు మనిషిగా బతికింది. రెండింటిలో ఏది బాగుందని అడిగితే ఆలోచించకుండా చేప బతుకే బాగుందంటుంది. ఎందుకో తెలియాలంటే మా గుడియాత్తం మగాళ్ళను చూడాలి. అందరినీ చూసే ఓపిక లేకపోతే గోపాలస్వామి మామ ఒక్కడిని చూస్తే చాలు. చేనేత సంఘానికి ఇరవై ఏళ్ళుగా ఆయనే అధ్యక్షుడు. ఊళ్ళో ఎవరు ఏ సభ పెట్టినా ముందు వరసలో ఆయన కుర్చీ ఉంటుంది. పిలవకపోయినా ఉంటుంది.

నా పేరు మోహన. వేలూరు తొరపాడిలో ఉంటాను, బడిలో తెలుగు చెబుతాను. తమిళనాడులో స్థిరపడ్డ మా నేతగాళ్ళలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు గాని, తెలుగు చదవగలిగే ఇంటి కోసం వీధులన్నీ తిరగాలి. కాబట్టి గోపాలస్వామి మామ ఇది చదువుతాడన్న భయం నాకు లేదు. ఎవరైనా చదివి వినిపిస్తే వాళ్ళకు పుణ్యం ఉంటుంది.

కస్తూరమ్మత్త మా నాన్నకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోనివ్వలేదు అనాలి. గుడియాత్తంలో ఒక్కతే ఉంటూ మగ్గాలున్న ఇళ్ళకు పోయి పడుగులు అతుకుతుంది. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే వేళ్ళతో మెలిపెట్టి కలపాలి. రెండు వేల పైచిలుకు పోగులు. ఒక్క పోగు వరస తప్పినా బట్టలో గళ్ళు చెడతాయి. అత్త చేయి పడితే చెడవని ఊరంతా ఒప్పుకుంటుంది. పని ఉన్నప్పుడు మనిషిని పంపి పిలిపిస్తారు, పని అయ్యాక కాఫీ వేరే గ్లాసులో ఇస్తారు, ఇంట్లో శుభకార్యం వస్తే మాత్రం ఆమె పేరే మరిచిపోతారు. ఇంత జ్ఞాపకశక్తి ఉన్న ఊరు ఆ ఒక్క పేరు దగ్గరే ఎలా మరిచిపోతుందో నాకు తెలియదు.

చిన్నప్పుడు ఒకసారి కారణం అడిగితే మా అమ్మ, "సముద్రం ఊర్లో పేరు చెడగొట్టుకొనింది. నువ్వు నోరు మూసుకో" అంది. మూసుకున్నాను. పాతికేళ్ళు మూసుకునే ఉన్నాను. ఈ కథలో చీవాట్లు తినాల్సిన వాళ్ళ వరస కడితే అందులో నేనూ ఉంటాను, ముందే చెబుతున్నాను.

పోయిన ఫిబ్రవరిలో అత్తను కంటి పరీక్షకు వేలూరు తీసుకొచ్చాను. పరీక్ష అయ్యాక గుడియాత్తం రైలెక్కించడానికి కాట్పాడి స్టేషనుకు వచ్చాం. ప్లాట్‌ఫారం మీద పెద్ద బోర్డు ఒకటి కొత్తగా పెట్టారు. "పవళకుప్పం బీచ్ మళ్ళీ వస్తోంది! మీ తాతయ్య నవ్విన చోట మీరూ నవ్వండి" అని తమిళంలో రాసుంది. మా తాతయ్య ఎక్కడ నవ్వాడో ఆ కంపెనీకి ఎలా తెలిసిందని విసుక్కుంటూ నేను ముందుకు నడిచాను. అత్త నడవలేదు. బోర్డు కింద నిలబడి తలెత్తి చూస్తోంది. బోర్డు మధ్యలో పాతకాలం ఫోటో. చేతితో రంగులు అద్దిన రకం. నడుం దాకా పడుచుపిల్ల, నడుం కింద చేపతోక. తోకంతా గళ్ళు.

"మోహనా, ఆ బొమ్మలో ఉండేది నేనే" అంది.

"కండ్లల్లో చుక్కలు వేసినారు కదత్తా, మసగ్గా ఉంటాది. రా, రైలు వస్తాది."

"మసక కండ్లకే పట్టినాది అమ్మీ, బుర్రకు పట్టలేదు. ఆ తోక మా నాయన నేసినాడు."

రైలు వచ్చింది, పోయింది. మేము బెంచీ మీదే కూర్చున్నాం. యాభై ఏళ్ళుగా ఎవరూ అడగని సంగతి, నేను కూడా అడగని సంగతి, ఆమె ఆ బెంచీ మీద చెప్పింది.

పవళకుప్పం చెన్నపట్నానికి దక్షిణాన, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పల్లె. ఆ రోజుల్లో ఏటా వేసవి రెండు నెలలూ అక్కడి ఇసుక మీద పెద్ద ఎగ్జిబిషన్ పెట్టేవాళ్ళు. జెయింట్ వీల్, రంగులరాట్నం, మరణబావిలో మోటారుసైకిళ్ళు, బెలూన్ల మీద తుపాకీ గురి, మిరపకాయ బజ్జీలు. చుట్టుపక్కల జిల్లాల జనం బస్సులు కట్టుకుని వచ్చేవాళ్ళట. మా తాత కృష్ణప్ప గుడియాత్తం లుంగీలు తీసుకుపోయి అక్కడ కొట్టు పెట్టేవాడు. జనం ఆగి చూస్తారని కొట్టులోనే ఒక చిన్న మగ్గం కూడా బిగించేవాడు. కూతురు కస్తూరి సాయం పోయేది. ఆమెకు అప్పుడు పదహారేళ్ళు.

పక్క గుడారం శివప్రకాశం అనే ఆయనది. "సముద్రకన్య" ఆట ఆడించేవాడు. చాలా సులువైన మాయ. ముందర పెద్ద గాజుతొట్టి, అందులో నీళ్ళు, నాలుగు చేపలు. దాని వెనక, పొడి చోట, బల్ల మీద తోక కట్టుకున్న అమ్మాయి పడుకునేది. పక్కన దాచిన పంకా గాలికి జుట్టు ఎగిరేది. దీపం వెలిగిస్తే నీళ్ళలో ఉన్నట్టే కనిపించేది. ఆ ఏడాది ఎగ్జిబిషన్ మొదలైన వారానికే సముద్రకన్య మరణబావి మోటారుసైకిలువాడితో వెళ్ళిపోయింది. శివప్రకాశం మా తాత కొట్టు ముందు కూలబడి తల పట్టుకున్నాడు. మగ్గం దగ్గర కూర్చున్న కస్తూరి, "నేను పడుకుంటాను నాయనా" అంది.

"నీకు బయం కాలేదా అత్తా?"

"ఎందుకు బయం? పడుకొని చెయ్యి ఊపాల, అంతే. ఇంటికాడ పొద్దస్తమానం వొంగి పోగులు అతికేదానికంటే అది కష్టమా?"

తోక మాత్రం కష్టపెట్టింది. శివప్రకాశం దగ్గరున్నది గోనెపట్టాకు రంగు పూసి, రేకుముక్కలు కుట్టిన తోక. మొదటి రోజు ఆట ముగిసేసరికి అత్త తొడలు గీసుకుపోయి రక్తం వచ్చింది. మా తాత చూశాడు. మర్నాడు మగ్గం మీద నడుస్తున్న లుంగీగుడ్డను తీశాడు. పచ్చ మీద నీలం గళ్ళు, గడి అంచున పసుపు పోగులు అటు రెండు, ఇటు రెండు, వాటి మధ్య ఒక్క ఎర్రపోగు. అవి ఆయన సొంత గళ్ళు. మా ఊళ్ళో ఒక్కో నేతగాడికి ఒక్కో గళ్ళ వరస ఉండేది. ఇంకొకడు దాన్ని నేయడు. బట్ట చూసి ఎవరి మగ్గమో చెప్పేవాళ్ళు. ఆయన ఆ గుడ్డను ఐమూలగా కత్తిరించాడు. ఐమూలగా పెడితే గళ్ళు చేప పొలుసుల్లా కనిపిస్తాయి, గుడ్డ సాగి కాళ్ళకు హాయిగా పడుతుంది. తాను నేసిన గుడ్డలో వంకరగా కత్తెర పెట్టడం నేతగాడికి ఎంత కష్టమో బట్టల కొట్టులో బట్ట కొనే మనలాంటి వాళ్ళకు తెలియదు. ఆయన పళ్ళు బిగించి కోశాడని అత్త చెప్పింది.

సముద్రం నుంచి పుట్టిన కన్యకు గుడియాత్తం గళ్ళలుంగీ కట్టడం మా వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని పని. గళ్ళను పక్కకు తిప్పాను కదా, ఇంకెవడు గుర్తుపడతాడని తాత అనుకున్నాడు. రెండు వేసవులు ఎవరూ గుర్తుపట్టలేదు కూడా.

ఆ మూడు వేసవుల గురించి చెబుతున్నప్పుడు అత్త ముఖం చూడాలి. ఆట లేని పొద్దుపూట మోకాళ్ళ దాకా సముద్రంలో నిలబడేదట. ఉప్పుగాలికి జుట్టు పీచు కట్టేదట. ఒకసారి ఒక చిన్నపిల్ల ఆమెకు ఆకలేస్తుందని నీళ్ళతొట్టిలో మురుకు వేసింది.

"నేను చేపనని ఆ పిల్ల నమ్మినాది మోహనా. దాని తర్వాత నా మాట అంతగా నమ్మినోళ్ళు ఎవురూ లేరు" అంది.

మూడో వేసవిలో గోపాలస్వామి వచ్చాడు. మా తాతకు చెల్లెలి కొడుకు, కస్తూరికి వరసైన బావ. పుట్టినప్పుడే ఇద్దరికీ పెళ్ళని పెద్దలు అనుకున్నారు. లుంగీల బేరానికి పవళకుప్పం వచ్చి, గళ్ళు గుర్తుపట్టి, ఊరికి పోయాడు. అత్త ఆ రోజు ఇంతవరకే చెప్పింది.

ఊళ్ళో జరిగింది మాత్రం నేను తర్వాత మా నాన్నను నిలదీసి రాబట్టాను. కులపెద్దలు కూర్చున్నారు. గోపాలస్వామి మధ్యలో నిలబడి, "మామ కూతురు లుంగీగుడ్డ చుట్టుకొని ఊరోళ్ళ ముందర పొర్లాడతాండాది" అన్నాడు. రుజువేమిటని అడిగితే బజారులో కొన్న లుంగీ ఒకటి విప్పి పట్టుకున్నాడు. "తోక మీద ఇవే గళ్ళు. ఇవి ఎవురివో మామనే అడగండి." పెద్దలు మా తాతను అడిగారు. ఆయన కాదంటే అక్కడితో అయిపోయేది. ఎవరో దొంగిలించి నేశారంటే చాలు. కూతురి ముఖం చూశానని గోపాలస్వామి కూడా అనలేదు, గళ్ళు తప్ప ఇంకే ఆధారమూ లేదు. ఆయన లుంగీ అంచు పట్టుకుని ఎర్రపోగు మీద బొటనవేలు రాసి, "నావే" అన్నాడు. తాను నేసినదాన్ని నాది కాదని చెప్పడం ఆయనకు చేతకాలేదు.

పెళ్ళి తప్పింది. పదేళ్ళు ఆ ఇంటికి ఎవరూ నిప్పు ఇవ్వలేదు, నీళ్ళు ఇవ్వలేదు. తాత ఆ గళ్ళను మళ్ళీ ఎప్పుడూ నేయలేదు. గోపాలస్వామి మామ మరో పిల్లను చేసుకుని, కొట్టు పెట్టి, సంఘం పెద్ద అయ్యాడు. పవళకుప్పాన్ని ఒక తుఫాను ఒరిగించింది. ఒరిగిన జెయింట్ వీల్‌ను మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నలభై ఏళ్ళు అక్కడ మేకలు మేశాయి. ఇప్పుడు ఏదో కంపెనీకి ఆ మేకలు మేసిన చోటు మీద ప్రేమ పుట్టింది.

కాట్పాడి బెంచీ మీద అత్త ఒక్కటే అడిగింది. "ఆ బొమ్మ కింద నా పేరు, మా నాయన పేరు రాయమని చెప్పాల మోహనా. వాళ్ళకు ఎట్లా చెప్పేది?"

నేనేం అన్నానో విన్నాక మీకు నా మీద గౌరవం ఉండదు. "ఇప్పుడెందుకత్తా అవన్నీ? మా ఆయనకు బజారులో పేరు ఉండాది. ఎవురన్నా అడిగితే ఏమని చెప్పేది?" అన్నాను. అత్త తల ఊపి, తర్వాతి రైలెక్కి వెళ్ళిపోయింది. బడిలో పిల్లలకు ఆత్మగౌరవం మీద వ్యాసం రాయించేది నేనే.

మరో నెలకు ఆదివారం పూట గుడియాత్తంలో అత్త ఇంట్లో ఉన్నాను. తప్పు చేశానని తెలుసు కాబట్టి అరటిపళ్ళు తీసుకుని పోయాను. అప్పుడే గోపాలస్వామి మామ వచ్చాడు. నలభై ఎనిమిదేళ్ళలో ఆ గడపలో అడుగు పెట్టడం అదే మొదలు. వెంట కాంచన అని కంపెనీ అమ్మాయి, చెన్నపట్నం పిల్ల, చేతిలో ఒక పలక లాంటి ఫోను. ఆమెను బయట కారు దగ్గరే ఆపి ఆయన లోపలికి వచ్చాడు.

సంగతేమిటంటే కంపెనీవాళ్ళు ఫోటోలోని తోకను చూసి ముచ్చటపడ్డారు. ఆ గళ్ళతో సంచులు, కండువాలు, లుంగీలు చేయించి పవళకుప్పంలో అమ్ముతారట. "మత్స్యకన్య గళ్ళు" అని పేరు కూడా పెట్టేశారు. ఈ గళ్ళు ఎక్కడివని పత్రికలో అడిగితే గోపాలస్వామి మామ పరుగెత్తి, మా సంఘానివే అన్నాడు. అప్పుడు ఊరి మానం తీసిన గళ్ళు ఇప్పుడు సంఘం గళ్ళు అయ్యాయి. అయితే ఒక చిక్కు వచ్చింది. ఫోటోలో గళ్ళు కనిపిస్తాయి గాని పోగుల లెక్క కనిపించదు. ఆ లెక్క తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కతే ఉంది.

"బాగుండావా కస్తూరీ?" అన్నాడు. ఎవరో నిన్న చూసిన మనిషిని పలకరించినట్టు.

"ఉండాను."

"మామ గళ్ళ లెక్క నీకు తెలుసు కదా. పచ్చ ఎన్ని, నీలం ఎన్ని. మన ఊరికి పెద్ద ఆర్డరు వచ్చుండాది. మగ్గాలకు పని దొరుకుతాది. పాతదంతా మనసులో పెట్టుకోవద్దు."

పాతదంతా మనసులో పెట్టుకోవద్దని చెప్పే హక్కు ఎప్పుడూ చేసినవాడికే ఉంటుంది కాబోలు. నాకు ఒళ్ళు మండింది. అత్త మాత్రం నిదానంగా, "చెప్తాను. ఆ బొమ్మ కింద మా నాయన పేరు, నా పేరు రాయించాల" అంది.

"అంతేనా! సరి సరి, దానికేమి, రాయిస్తా. నా మాట మీద నమ్మకం లేదా?"

అత్త వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. పచ్చ నలభై, నీలం పదహారు, పసుపు రెండు, ఎరుపు ఒకటి, పసుపు రెండు, మళ్ళీ నీలం పదహారు. ఆయన ఫోనులో ఎక్కించుకుని, ఇచ్చిన మజ్జిగ తాగకుండా వెళ్ళిపోయాడు.

"ఒక పోగు తప్పు చెప్పి ఉండాల్సింది. నేసినాక తల పట్టుకొనేవాడు" అన్నాను.

"వాని మీది కోపానికి మా నాయన గళ్ళను చెడగొట్టేదా?" అని అత్త నా మీదే కోప్పడింది.

మే నెల మొదటి ఆదివారం పవళకుప్పం ప్రారంభం. ఈసారి నేనే అత్తను బయలుదేరదీశాను. కాట్పాడిలో రైలెక్కి చెన్నపట్నం, అక్కడి నుంచి కారు. అత్త పట్టుచీర కట్టుకుంది. ఎవరి పెళ్ళికీ పిలవని మనిషికి పట్టుచీర ఎక్కడిదని అడగబోయి ఆగాను. మడతల దగ్గర రంగు మాయలేదు, ఒక్కసారి కూడా కట్టనిదని తెలుస్తూనే ఉంది.

కంపెనీవాళ్ళు ఆ చోటును బాగు చేశామంటారు. సముద్రం ఒడ్డున ఇసుక మీద ప్లాస్టిక్ పచ్చగడ్డి పరిచారు, కాళ్ళకు ఇసుక అంటకూడదని. సముద్రానికి, జనానికి మధ్య అద్దాల గోడ కట్టారు, గాలికి జుట్టు చెదిరితే ఫోటోలు పాడవుతాయని. పాత జెయింట్ వీల్‌కు తుప్పు గీకి రంగు వేసి నిలబెట్టారు, అది తిరగదు. దాని ముందు నిలబడి ఫోటో దిగాలి. బజ్జీ ఒకటి అట్టపెట్టెలో పెట్టి, పక్కన జెండా గుచ్చి ఇస్తున్నారు. వయసు మళ్ళిన వాళ్ళు కొందరు "మా కాలంలో" అని మనవలకు చెప్పబోతున్నారు. మనవలు ఫోనుల్లోంచి తలెత్తడం లేదు. లోపలికి రాగానే మైకులో అలల చప్పుడు వేశారు. అసలు సముద్రం గోడ అవతల చప్పుడు చేస్తూనే ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

"నీళ్ళలో కాలు పెట్టేదానికి దోవ లేదా?" అని అత్త కాపలావాడిని అడిగింది.

"లేదు పాట్టీ, సేఫ్టీ" అన్నాడు వాడు, తమిళంలో అవ్వను పిలిచినట్టు.

"జ్ఞాపకాల మండపం" అని ఒక చల్లని గది. అందులో ఒక గోడ నిండా ఆ ఫోటో. మనిషికి రెండింతలు పెంచారు. పదిహేడేళ్ళ కస్తూరి బల్ల మీద వాలి, చేయి ఎత్తి, నవ్వుతూ ఉంది. తోక మీద గళ్ళు నా అరచేతంత ఉన్నాయి. అత్త దాని ముందు నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత కింద రాసినది చదివింది. తమిళం ఆమెకు బాగానే చదవడం వచ్చు. "పేరు తెలియని సముద్రకన్య. తోక: గుడియాత్తం చేనేత సంఘం డిజైన్. గుర్తించి అందించినవారు: అధ్యక్షులు శ్రీ గోపాలస్వామి." అత్త రెండోసారి చదివింది. నేను కూడా చదివాను, ఎక్కడో మూలన చిన్న అక్షరాల్లోనైనా కృష్ణప్ప అని ఉంటుందేమోనని వెతికాను. లేదు.

"మాట ఇచ్చినాడు కదమ్మీ" అంది అత్త. ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆమె ఆ మనిషి మాటను నమ్మింది.

అప్పుడే గుంపు ఒకటి లోపలికి వచ్చింది. పత్రికలవాళ్ళు, కెమెరాలు, కాంచన, మధ్యలో గోపాలస్వామి మామ. మెడలో ఆ గళ్ళ కండువా కొత్తది, గంజి వాసన కూడా పోనిది. వెనక కొడుకు, కోడలు, మనవలు. మనవలందరికీ ఆ గళ్ళ చొక్కాలు. నలభై ఎనిమిదేళ్ళ కిందట పెద్దల ముందు పట్టుకున్న గుడ్డ ఇప్పుడు ఇంటిల్లిపాదికీ కుట్టించాడు. సిగ్గు కూడా పాతబడితే ఫ్యాషన్ అవుతుందని ఆ రోజే తెలుసుకున్నాను. మమ్మల్ని చూసి ఆయన ముఖం ఒక్క క్షణం మారింది. వెంటనే కెమెరాల వైపు తిరిగిపోయాడు.

"ఈ గళ్ళు మీవని ఎట్లా గుర్తుపట్టారు సార్?" అని కాంచన నవ్వుతూ తమిళంలో అడిగింది. ఆయనకు కావలసిన ప్రశ్న అది. పొంగిపోయి తనూ తమిళంలోనే అందుకున్నాడు.

"నేత పుట్టుకమ్మా మాది. అప్పుడు నాకు ఇరవైమూడేళ్ళు. లుంగీల బేరానికి ఈడికి వచ్చినా. గుడారం ముందర పోతా పోతా ఒక్క చూపు చూసినా. ఒక్క చూపే! ఇది మా గుడియాత్తం గళ్ళురా అని అప్పుడే అనుకొన్నా."

గుంపులో ఎవరో చప్పట్లు కొట్టారు. నా పక్కన అత్త కదిలింది. ఆపుదామని చేయి చాచాను. ఎందుకు ఆపబోయానో ఇప్పటికీ నాకు రోతగానే ఉంది. ఆమె నా చేతిని తప్పించుకుని ముందుకు పోయింది.

"పోతా పోతానా బావా?" అంది.

ఆ పిలుపు విని గుంపంతా తిరిగింది. ఆయన కోడలు, "ఎవరు మామా ఈమె?" అని అడిగింది. 

"గుడారం ముందర గుడ్డ మీద రాసిన బొమ్మ ఉండేది. దానికి వెండి తోక. గళ్ళ తోక లోపల ఉండేదానికే. టికెట్టు కొని లోపలికి వస్తేనే కనపడేది" అంది అత్త. తెలుగులోనే చెప్పింది, తమిళంలో మళ్ళీ చెప్పింది, కాంచనకు అర్థం కావాలని. "నువ్వు మూడు దినాలు వచ్చినావు. మొదటి దినం అందరి వెనకాల నిలబడినావు. రెండో దినం నడుమ. మూడో దినం గాజుకు మొగం ఆనిచ్చి నిలబడుకొన్యావు. గళ్ళు గుర్తుపట్టేదానికి మూడు దినాలు కావాల్నా బావా?"

"కస్తూరీ, జనం ముందర ఏంది ఇది? ఇంటికాడ మాట్లాడుకొందాం" అన్నాడాయన. గొంతు కీచుమంది.

"ఇంటికి ఎప్పుడన్నా వచ్చినావా మాట్లాడేదానికి?" అత్త గొంతు పెంచలేదు. "ఆ మూడో దినం నిన్ను చూసి నేను చెయ్యి ఊపినా. అందరికీ ఊపే చెయ్యి కాదు అది. మా బావ వచ్చినాడు, నన్ను చూసినాడు, నేను ఇట్లా ఉన్నా పరవాలేదు అనుకొని ఊపినా. నువ్వూ నవ్వినావు. చెయ్యి కూడా ఎత్తినావు. నేను ఆ రాత్రంతా సంతోషంగా ఉన్యాను. నువ్వు పొద్దున బస్సెక్కి ఊరికి పోయి పెద్దలను కూర్చోబెట్టినావు."

మైకులో అలల చప్పుడు వస్తూనే ఉంది. ఎవరో కెమెరా దించారు. ఇంకొకరు ఎత్తి పట్టుకున్నారు. గోపాలస్వామి మామ మెడలోని కండువాను తీయాలో ఉంచాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డాడు. కోడలు చిన్నపిల్లవాణ్ణి దగ్గరికి లాక్కుంది. కాంచన గోడ మీది ఫోటోను, అత్త ముఖాన్ని మార్చి మార్చి చూసింది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమెను నేను అప్పటిదాకా తేలిగ్గా చూశాను, అది నా తప్పు.

"పాట్టీ, మీ పేరు చెప్పండి. ఇప్పుడే మార్పిస్తాను" అంది కాంచన.

అత్త గోడ కింది అక్షరాల మీద వేలు పెట్టింది.

"పేరు తెలియదని రాసినారు కదమ్మా. తెలిసినాయన మీ పక్కనే ఉండాడు. ఆయన్నే అడగండి."

అందరూ ఆయన వైపు తిరిగారు. తప్పించుకోవడానికి తలుపు వైపు చూశాడు, అక్కడ కూడా జనమే. నలభై ఎనిమిదేళ్ళ కిందట పెద్దల ముందు మా తాతకు నోరు పెగలడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఈయనకు మాత్రం చాలాసేపు పట్టింది.

"కస్తూరి" అన్నాడు చివరికి, నేల చూస్తూ. "కృష్ణప్ప మామ కూతురు."

"గట్టిగా చెప్పు బావా" అంది అత్త.

ఆయన గట్టిగా చెప్పాడు.